విపత్తు హెచ్చరిక రాకముందే మీ కుక్కను సిద్ధం చేయడం ఎలా

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు సంచి సర్దడానికి గంట చాలు. అయితే ఇంట్లోవాళ్లంతా హడావిడిగా తిరుగుతుంటే, బయట గాలి ఊళలు వేస్తుంటే, మంచం కింద మూలకు నక్కి గుర్రుమంటున్న కుక్కను బయటికి రప్పించడం ఆ గంటలో నేర్పే పని కాదు. విపత్తు సమయంలో కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది సామాన్లు లేక కాదు. క్రేట్ (కుక్కను ఉంచే తలుపున్న పెట్టె) చూస్తే బెదరడం వల్ల, మెడపట్టీ వెనక్కి లాగి జారుకోవడం వల్ల, కొత్తవాళ్లు ముట్టుకుంటే కరవడం వల్ల.

అందుకే ఇక్కడ పనులన్నీ అవి పట్టే కాలాన్ని బట్టి వరసలో ఉన్నాయి. వారాలు పట్టేవి ముందు, నిమిషాల్లో అయ్యేవి చివర. సంచి సంగతి మధ్యలో వస్తుంది.

మొదట ఒక లెక్క వేసుకోండి. తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పంపుతుంది. పెద్ద నదికి వరద వస్తే గంటల వ్యవధి ఉంటుంది, కొండవాగు పొంగితే నిమిషాలే. కార్చిచ్చు గాలివాటాన్ని బట్టి అప్పటికప్పుడు దారి మార్చుకుంటుంది. భూకంపానికి వ్యవధే ఉండదు. మీరున్న చోట వచ్చే వాటిలో ఏది అతి తక్కువ సమయం ఇస్తుందో దానికి తగ్గట్టు సిద్ధపడితే, మిగతావి అందులోనే ఇమిడిపోతాయి.

## ఆరు వారాల పని: కుక్కకు అలవాట్లు

### క్రేట్

శిబిరంలోనైనా, బంధువుల ఇంట్లోనైనా, వాహనంలోనైనా కుక్క కుదురుగా ఉండాలంటే దానికి పరిచయమున్న చోటు ఒకటి దాని వెంట రావాలి. ఆ చోటే క్రేట్. కుక్క నిలబడితే తల పైకప్పుకు తగలకూడదు. లోపల గుండ్రంగా తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. అంతకంటే మరీ పెద్దది కొనకండి. వాహనం బ్రేకు వేసినప్పుడు లోపల కుక్క ఎగిరి గోడలకు కొట్టుకుంటుంది.

1. మొదటి వారం క్రేట్ తలుపు తీసి, ఊగకుండా తాడుతో కట్టి ఉంచండి. తిండి గిన్నెను తొలిరోజు గుమ్మం దగ్గర, మర్నాడు కాస్త లోపల, నాలుగైదు రోజులకు వెనక గోడ పక్కన పెట్టండి.
2. రెండో వారం తింటున్నప్పుడు తలుపు మూయండి. గిన్నె ఖాళీ కాకముందే తెరవండి. తర్వాత ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పదిహేను నిమిషాలు.
3. మూడో వారం కుక్క లోపల ఉండగా మీరు గది దాటి వెళ్లి రండి. నమలడానికి ఏదైనా ఇచ్చి వెళ్తే మేలు.
4. నాలుగో వారం క్రేట్‌ను ఎత్తి దించండి, వాహనంలో పెట్టండి, ఇంజిన్ వేసి ఆపండి. చివరికి పది నిమిషాలు తిప్పి తీసుకురండి.

పని చెడేది సాధారణంగా రెండో మెట్టు దగ్గర. తలుపు మూసిన తొలిరోజే అరగంట వదిలేస్తారు. కుక్క గోల చేస్తుంది. దయతలచి తెరుస్తారు. గోల చేస్తే తలుపు తెరుచుకుంటుందని దానికి అర్థమవుతుంది. గోల మొదలయ్యే లోపే తెరవగలిగినంత తక్కువ సేపు మూయడమే దీనికి మందు. తప్పు చేసినప్పుడు శిక్షగా క్రేట్‌లో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. చొంగ కారుస్తూ, కమ్ములు కొరుకుతూ, పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలు కొన్ని ఉంటాయి. అది మొండితనం కాదు, మూసిన చోటంటే భయం. అలాంటి కుక్కను బలవంతపెట్టకుండా పశువైద్యుణ్ణి అడగండి. ప్రయాణానికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీల తొడుగు), సీటుకు కట్టే పట్టీ అలవాటు చేయండి.

### అత్యవసర పిలుపు

రోజూ పిలిచే పిలుపు దీనికి పనికిరాదు. ఆ పిలుపుకు స్నానం, మందు బిళ్ల, చీవాట్లు అన్నీ అంటుకుని ఉంటాయి. కొత్తది ఒకటి ఎంచుకోండి. మాటకంటే ఈల మేలు. భయంలో మన గొంతు మారిపోతుంది. మారిన గొంతు విన్న కుక్క ఇంకా లోపలికి నక్కుతుంది. ఈలకు ఆ బాధ లేదు, ఇంట్లో ఎవరు ఊదినా ఒకటే.

ఈల ఊదిన క్షణంలోనే కుక్కకు అన్నిటికంటే ఇష్టమైన తిండి అందాలి. అదీ ఒక్క ముక్క కాదు, పది పదిహేను సెకన్ల పాటు చిన్న చిన్న ముక్కలుగా వరసగా. మొదటి పది రోజులు పక్కనే నిలబడి రోజుకు రెండుమూడు సార్లు చేయండి. తర్వాత పక్క గది నుంచి, ఆపైన కుక్క మంచం కింద ఉన్నప్పుడు, దీపాలు ఆర్పి, టీవీ శబ్దం పెంచి. నేర్చుకున్నాక వారానికి ఒకసారి చాలు, కానీ ప్రతిసారీ తిండి దక్కాలి. ఈల ఊది స్నానానికి తీసుకెళ్లారంటే నెల రోజుల కష్టం ఒక్క పూటలో పోతుంది.

### హార్నెస్, లీష్, మూతిబుట్ట

బెదిరిన కుక్క ముందుకు లాగదు. వెనక్కి జరిగి తల వంచుతుంది, మెడపట్టీ చెవుల మీదుగా జారిపోతుంది. అందుకని విపత్తు సమయంలో రెండు పట్లు ఉండాలి: మెడకు పట్టీ, ఒంటికి హార్నెస్. రెండు వైపులా కొక్కేలున్న లీష్ (కుక్కను పట్టుకు నడిపించే తాడు) దొరికితే ఒకటి పట్టీకి, ఒకటి హార్నెస్‌కు తగిలించండి. పట్టీ కింద మీ రెండు వేళ్లు సరిగ్గా పట్టాలి. మూడు పడితే వదులు. లాగినప్పుడు కొంతవరకే బిగిసే మార్టింగేల్ రకం పట్టీ, సన్నటి తల ఉన్న కుక్కలకు బాగా పనికొస్తుంది. మామూలు వేళల్లో దాన్ని విప్పే ఉంచండి.

లీష్ 1.5 నుంచి 2 మీటర్ల మామూలు అల్లికది ఉండాలి. బొత్తాం నొక్కితే చుట్టుకునే రకం వద్దు. దాని సన్నటి తాడు చేతిని కోస్తుంది. పైగా పిడి చేజారితే ఆ ప్లాస్టిక్ డబ్బా చప్పుడు చేస్తూ కుక్క వెంటపడి దాన్ని ఇంకా దూరం తరుముతుంది.

మూతిబుట్ట పేరెత్తితే చాలామంది నొచ్చుకుంటారు. నొప్పిలో ఉన్న ఏ కుక్కైనా కరుస్తుంది, ఎంత సాధువైనా సరే. రక్షించడానికి వచ్చినవాళ్లను కరిస్తే నష్టం రెండు వైపులా. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలున్న జాలీబుట్ట రకమే కొనండి. మూతిని బిగించే గుడ్డ రకం వేస్తే కుక్క రొప్పలేదు. రొప్పలేకపోతే ఒళ్లు చల్లబరుచుకోలేదు. దాన్ని ఒకటి రెండు నిమిషాలకు మించి వాడకూడదు. బుట్ట లోపల మెత్తటి తిండి పూసి, రెండు వారాల పాటు అదే మూతి పెట్టేలా చేసి, ఆ తర్వాతే పట్టీ బిగించండి.

కుక్కను ఎత్తడం కూడా సాధన చేయాలి. చిన్నదైతే ఒక చేయి ఛాతీ కింద, మరోటి వెనక తొడల కింద. ఒకరు మోయలేని బరువైతే మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి, ఇద్దరు నాలుగు మూలలూ పట్టి ఎత్తాలి. ముందుగా దుప్పటి మీద పడుకోవడం, తర్వాత అంగుళం ఎత్తడం, తర్వాత నాలుగు అడుగులు నడవడం. మెట్లున్న ఇంట్లో ముసలి కుక్క ఉంటే దీన్ని అస్సలు వదలొద్దు.

### ఉరుములు, పెద్ద చప్పుళ్లు

ఉరుముల రికార్డింగును కుక్క చెవి కాస్త కదిల్చేంత తక్కువ శబ్దంతో మొదలుపెట్టి, తిండి పెడుతూ, రోజులు గడిచేకొద్దీ పెంచుతూ పోవాలి. దీనికో పరిమితి ఉంది. అసలు తుఫానులో వాయుపీడనం మారుతుంది, మెరుపులుంటాయి, నేల అదురుతుంది. అవి స్పీకరులో రావు. కాబట్టి రికార్డింగుకు అలవాటు పడ్డ కుక్క తుఫానుకు భయపడితే ఆశ్చర్యపోవద్దు. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందన్నది అపోహ. దగ్గరికి రావాలనుకుంటే రానివ్వండి.

చప్పుళ్లకు వణికిపోయే కుక్క అయితే వాన కాలానికి ముందే పశువైద్యుడితో మాట్లాడండి. భయం తగ్గించడానికి ట్రాజొడోన్, గాబాపెంటిన్ వంటి మందులు డాక్టరు రాసిస్తారు. ఏదిచ్చినా మొదటి మోతాదు ప్రశాంతంగా ఉన్న రోజున, ఇంట్లో వేసి చూడండి. కొన్నిటికి మత్తు ఎక్కువై తూలుతాయి, కొన్ని ఇంకా చికాకు పడతాయి. అది రోడ్డు మీద తెలియడం కంటే ఇంట్లో తెలియడం నయం. ఏస్‌ప్రోమజైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడుకుంటుంది గానీ లోపలి భయం తగ్గకపోవచ్చు. చూసేవాళ్లకు మాత్రం తగ్గినట్టే ఉంటుంది. మనుషుల గాబాపెంటిన్ సిరప్‌లలో కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకు విషం.

### ఇంట్లోనే మలమూత్రాలు

ఎవరూ ముందుగా ఆలోచించని సమస్య ఇది. బయటికే వెళ్లడం నేర్చిన మంచి కుక్క, బయట గాలివాన కొడుతుంటే ఇంట్లో పోయడానికి ససేమిరా అని రోజంతా ఉగ్గబట్టుకుంటుంది. ఒక వెడల్పాటి ట్రేలో గడ్డిపెళ్ల గానీ మట్టి గానీ వేసి, దాని మూత్రం వాసన ఉన్న గుడ్డ ముక్క అందులో ఉంచి, ముందు వాకిట్లో, తర్వాత గుమ్మంలో, తర్వాత స్నానాల గదిలో పెట్టి అలవాటు చేయండి. పోసేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట అంటూ ఉంటే ఆ మాటకే పోయడం వస్తుంది.

## నెల రోజుల పని: టీకాలు, గుర్తింపు

రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలకు గడువు దాటకుండా చూసుకోండి. శిబిరాలు, కుక్కల వసతి గృహాలు ఆ కాగితాలు అడుగుతాయి. కుక్కలు గుంపుగా ఉండే చోట కెన్నెల్ దగ్గు తొందరగా అంటుకుంటుంది, దానికీ టీకా ఉంది. వరద వచ్చే ప్రాంతమైతే లెప్టోస్పైరోసిస్ టీకా తప్పనిసరి అనుకోండి. ఎలుకల, ఇతర జంతువుల మూత్రంతో కలుషితమైన నీళ్ల నుంచి సోకే ఈ జబ్బు కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కుక్క నుంచి మనుషులకూ వస్తుంది. తొలిసారి అయితే రెండు మోతాదులు, మధ్య 2 నుంచి 4 వారాల ఎడం, ఆపైన ఏటా ఒకటి. అంటే హెచ్చరిక వచ్చాక వేయించినా ఆ వరదకు అక్కరకు రాదు.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. అందులో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ పెడితే ఒక నంబరు ఇస్తుంది, అంతే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ నంబరు 15 అంకెలది. ఆ నంబరు ఎదుట నమోదై ఉన్న ఫోను మీరు ఎప్పుడో వదిలేసినదైతే చిప్ ఉన్నా లేనట్టే. ఏటా టీకాకు వెళ్లినప్పుడు స్కాన్ చేయించండి, చిప్ ఒక్కోసారి భుజం మీదికో పక్కలకో జారుతుంది. ఫోన్ నంబరు మారిన రోజే నమోదులోనూ మార్చండి.

చిప్ చదవడానికి స్కానర్ కావాలి. మెడలో బిళ్ల చదవడానికి కళ్లు చాలు. కాబట్టి రెండూ ఉండాలి. బిళ్ల మీద కుక్క పేరు కంటే రెండు ఫోన్ నంబర్లు ముఖ్యం. అందులో ఒకటి వేరే ప్రాంతంలో ఉన్న బంధువుది వేయించండి, మీ దగ్గర టవర్లు కూలితే అదొక్కటే మోగుతుంది.

ఫొటోలు నాలుగు కావాలి: ముఖం, ఎడమ పక్క, కుడి పక్క, మీరూ కుక్కా కలిసి ఉన్నది. మచ్చలు, కత్తిరించిన చెవి, తోక చివరి తెలుపు లాంటి గుర్తులు స్పష్టంగా పడాలి. మీరు కలిసి దిగినది ఎందుకంటే, దొరికిన కుక్క మీదేనని రుజువు చేయాల్సి వస్తుంది. ఇవి ఫోనులో ఉంటే చాలదు. అచ్చు వేసి నీరు చొరబడని కవరులో పెట్టండి, టీకా కార్డు, చిప్ నంబరు, మందుల జాబితా కూడా అందులోనే.

## వెళ్లేదెక్కడికి?

2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు, పెంపుడు జంతువుల్ని వదలలేక ఎంతోమంది ఇళ్లు ఖాళీ చేయలేదు. చాలా శిబిరాలు, రక్షణ వాహనాలు జంతువుల్ని రానివ్వలేదు. ఆ అనుభవంతోనే 2006లో అక్కడ, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటు ఉండాలని చట్టం చేశారు. అన్నిచోట్లా అలాంటి ఏర్పాటు ఉంటుందని అనుకోవద్దు. మామూలు రోజునే ఫోను చేసి అడగండి: కుక్కను రానిస్తారా? బరువు పరిమితి ఉందా? క్రేట్ మేమే తేవాలా? ఏ కాగితాలు కావాలి? కనీసం మూడు చోట్లు, వేర్వేరు దిక్కుల్లో రాసుకోండి. ఒక దారి మునిగితే ఇంకోటి ఉంటుంది.

మీరు ఇంట్లో లేనప్పుడు విపత్తు వస్తే? తాళం చెవి ఉన్న పొరుగువారు ఒకరు కావాలి. ఆ మనిషి నెలకోసారైనా మీరు లేకుండా వచ్చి, కుక్కకు హార్నెస్ వేసి, బయటికి తిప్పి తీసుకురావాలి. చెవి ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, గుమ్మంలో మొరిగే కుక్కను చూసి వెనక్కి తిరిగేస్తారు.

## సంచి

ఒక్క పెద్ద మూటగా సర్దితే పని జరగదు. ఒక చేత్తో లీష్ పట్టుకుని 25 కిలోల మూట ఎవరూ మోయలేరు. వీపుకు తగిలించుకునే సంచిలో మూడు రోజులకు సరిపడా, వాహనంలో పెట్టే పెట్టెలో మిగతాది. ఇల్లు కదలకుండా ఉండాల్సి వస్తుందేమోనని రెండు వారాల నిల్వ ఇంట్లో.

నీళ్లు: మామూలుగా కిలో బరువుకు రోజుకు 50–60 మి.లీ. తాగుతుంది. ఎండ, బెదురు, పొడి ఆహారం కలిస్తే ఎక్కువ కావాలి గనుక కిలోకు 100 మి.లీ. లెక్క వేయండి. 20 కిలోల కుక్కకు రోజుకు 2 లీటర్లు, మూడు రోజులకు 6, వారానికి 14. ఆర్నెల్లకోసారి మార్చండి. నీళ్లు అయిపోతే, తేటగా ఉన్న నీటిని ఒక నిమిషం పాటు కళపెళా మరగనివ్వడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. వీలుకాకపోతే సువాసన కలపని 5–6 శాతం బ్లీచ్ ద్రావణం లీటరుకు 2 చుక్కలు కలిపి అరగంట ఆగాలి. పెట్రోలు, పురుగుమందులు కలిసిన వరద నీటికి ఈ రెండూ పనిచేయవు.

తిండి: రోజూ తినేదే, కొత్త రకం కాదు. ఉన్నట్టుండి తిండి మారితే విరేచనాలు పట్టుకుంటాయి, శిబిరంలో అది ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు. కప్పులతో కాకుండా ఒకరోజు తూకం వేసి చూడండి. రోజుకు 300 గ్రాములైతే వారానికి 2.1 కిలోలు. ఒక్కో రోజు వంతు ఒక్కో కవరులో కట్టి తేదీ రాస్తే, ఎవరు పెట్టినా కొలత తప్పదు. రెండు మూడు నెలలకోసారి ఆ తిండి వాడేసి కొత్తది నింపండి. బెదిరిన కుక్క ఒకటి రెండు పూటలు తినదు. అప్పుడు పొడి ఆహారంలో కలపడానికి ఘాటైన వాసనున్న తడి ఆహారం రెండు డబ్బాలు ఉంచండి, డబ్బా తెరిచే పరికరంతో సహా.

మందులు: రెండు వారాలకు. మూర్ఛకు ఫెనోబార్బిటాల్ వాడే కుక్కకు మందు అకస్మాత్తుగా ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి. ఇన్సులిన్ వాడే కుక్కకైతే సిరంజి విషయంలో పప్పులో కాలేయడం తేలిక. కుక్కలకు వాడే ఇన్సులిన్లలో యూ-40 రకం (మి.లీ.కు 40 యూనిట్లు) ఉంటుంది, మనుషులకు ఎక్కువగా యూ-100 (మి.లీ.కు 100 యూనిట్లు). యూ-40 మందును యూ-100 సిరంజితో అదే గీత వరకు తీస్తే అందాల్సిన దానిలో 40 శాతమే అందుతుంది. యూ-100 మందును యూ-40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కి ప్రాణం మీదికొస్తుంది. అందుకని సరిపడే సిరంజిలు సీసాతో పాటే కట్టి ఉంచండి. ఐసు ముక్కలకు సీసా నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కుక్క తిండి మానేస్తే మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రథమ చికిత్సకు పల్చటి కట్టుగుడ్డ (గాజ్) చుట్టలు, తనకు తానే అంటుకునే బ్యాండేజీ, సెలైన్ సీసా, గాయాలు శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్, పట్టకారు, మొద్దు మొన కత్తెర, థర్మామీటర్. కుక్క ఒంటి వేడి మలద్వారంలో చూస్తే మామూలుగా 38.3–39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మన కొలతతో చూసి జ్వరమనుకోకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ సంచిలో మీకోసం ఉంటే ఉండనివ్వండి, కుక్కకు మాత్రం వేయొద్దు.

ఇవి కాక: అదనపు లీష్, మలం తీసే సంచులు, తువ్వాళ్లు రెండు, సబ్బు, టార్చి, మీరు కట్టి విడిచిన పాత బట్ట ఒకటి. ఆ బట్ట ఉతకకండి. కొత్త చోట క్రేట్‌లో వేస్తే కుక్క కుదుటపడుతుంది. తప్పిపోయినప్పుడు దానితో ఇంకో పని ఉంది, చివర్లో వస్తుంది.

## హెచ్చరిక వచ్చాక

రెండు రోజుల ముందు: వాహనంలో ఇంధనం, ఫోన్లకు చార్జింగ్, వెళ్లే చోటికి ఒకసారి ఫోను. ఇంట్లో కుక్క దూరే సందులన్నీ మూసేయండి: మంచం కింద, సోఫా వెనక, వాషింగ్ మెషీన్ పక్కన. ఆ క్షణం నుంచి ఇంట్లో కూడా పట్టీ, బిళ్ల ఒంటి మీదే ఉండాలి. కట్టు విప్పి వదలడం ఆపేయండి. ఆకాశం మారిన రోజున, రోజూ తిరిగే వీధిలో కూడా కుక్క పారిపోతుంది.

బయల్దేరే రోజు: ప్రయాణంలో వాంతి చేసుకునే కుక్కకు మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయండి, నీళ్లు మాత్రం ఇస్తూ ఉండండి. ఖాళీ చేయడం మంచిదని సూచన వచ్చినప్పుడే కదలండి. తప్పనిసరి ఆదేశం వచ్చే వరకు ఆగితే రోడ్లు నిండుతాయి, కుక్కతో గంటల కొద్దీ నిలబడాల్సి వస్తుంది.

ఆఖరి గంటలో వరస చాలా ముఖ్యం. పెట్టెలు చూడగానే కుక్కకు విషయం తెలిసిపోతుంది, మాయమవుతుంది. అందుకని:

1. ముందు కుక్కకు హార్నెస్ వేసి, దూరే చోటు లేని చిన్న గదిలో పెట్టి తలుపు వేయండి. స్నానాల గది సరిపోతుంది.
2. తర్వాత సామాన్లు వాహనంలోకి.
3. కుక్క ఒకటికి రెండుకు వెళ్లొచ్చాక చివరగా వాహనంలోకి. ముందే ఎక్కించి ఇంట్లోకి వెళ్లి రాకండి. బయట 35 డిగ్రీలుంటే మూసిన వాహనంలో పది నిమిషాల్లో 45 దాటుతుంది.
4. వాహనం తలుపు తెరిచే ముందు ప్రతిసారీ లీష్ చేతికి చుట్టి ఉందో లేదో చూసుకోండి. చాలా కుక్కలు తప్పిపోయేది ఇంటి దగ్గర కాదు, దారిలో ఆగినచోట.

ఇంటి తలుపు మీద లోపల ఎన్ని జంతువులున్నాయో రాసిన కాగితం అతికించి ఉంటే, వెళ్లేటప్పుడు దాని మీద 'అందరం ఖాళీ చేశాం' అని పెద్దగా రాయండి. లేకపోతే లేని కుక్క కోసం ఎవరో ప్రాణాలకు తెగించి లోపలికి వస్తారు.

ఈ వరస నెలకోసారి గడియారం పెట్టుకుని సాధన చేయండి, ఒకసారి రాత్రిపూట కూడా. అయిదు నిమిషాల్లో అందరూ వాహనంలో ఉండగలిగితే బాగున్నట్టే. ఎక్కడ ఆలస్యమైందో రాసుకోండి. తొలిసారి దాదాపు ఎప్పుడూ లీష్ వెతకడం దగ్గరే ఆలస్యమవుతుంది.

## వదిలి వెళ్లక తప్పకపోతే

ఇది ఆఖరి మార్గం. రక్షణ సిబ్బంది ఎక్కనివ్వనప్పుడు మాత్రమే. కట్టేసి వదలకండి, క్రేట్‌లో పెట్టి వదలకండి. నీరు పెరిగితే గొలుసు పొడవు వరకే దానికి ప్రాణం. పై అంతస్తుకు మెట్ల దారి తెరిచి, లోపలి తలుపులు మూసుకోకుండా అడ్డం పెట్టండి. నీళ్లు ఒకే పాత్రలో కాకుండా బరువైన నాలుగైదు పాత్రల్లో, వేర్వేరు గదుల్లో ఉంచండి. లోతైన తొట్టె నింపితే చిన్న కుక్క అందులో పడి మునుగుతుంది. పొడి ఆహారమే పెట్టండి, తడిది పాడైపోతుంది. పిల్లిని వేరే గదిలో ఉంచండి. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయండి: ఎన్ని, ఏ గదిలో, కరుస్తుందా, మీ నంబరు. బయటపడగానే అధికారులకు చెప్పండి.

## ఒక్కో విపత్తులో తేడాలు

వరద: వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే పెద్ద మనిషి కాలు నిలవదు, 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు తేలతాయి. ఆ నీళ్లలో కుక్కను నడిపించకండి, ఈదుతుందిలే అనుకోకండి. వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ వేస్తే పడవలోకి లాగడానికి అదే ఆధారం. నీళ్లలో తడిస్తే సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టండి. నాకనివ్వకండి. వరద తీశాక పాములు ఇళ్లలో దూరి ఉంటాయి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

తుఫాను: కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీ మీదుగా వెళ్తే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. పాపం కుక్కకు అవసరం తీర్చుదామని అప్పుడే తలుపు తీస్తారు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే వేగంతో మళ్లీ కొడుతుంది. ట్రే అలవాటు చేయమన్నది ఇందుకే.

పిడుగులు: కుక్కగూడు పిడుగు నుంచి కాపాడదు. చెట్టుకు, ఇనుప గొలుసుకు కట్టి ఉంచడం మరీ ప్రమాదం. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయటికి తీసుకెళ్లండి.

భూకంపం: నేల కదులుతున్నప్పుడు కుక్కను పట్టుకోవాలని చూడొద్దు. భయంలో అది మిమ్మల్ని కరవవచ్చు, మీరు బల్ల కిందికి చేరడం ఆలస్యమవుతుంది. అది తన చోటు తను వెతుక్కుంటుంది. ఆగాక చెప్పులు వేసుకుని, లీష్ పట్టుకుని వెతకండి. నేలంతా గాజు ముక్కలుంటాయి గనుక వీలైతే ఎత్తుకునే బయటికి రండి. క్రేట్ పైన అల్మరా గానీ బరువైన పటం గానీ లేకుండా ఈరోజే చూసుకోండి.

కార్చిచ్చు: పొగ కమ్మితే కిటికీలు మూసి, బయట నడక అయిదు నిమిషాలకు కుదించండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులు, గుండె జబ్బున్నవి ముందుగా ఇబ్బంది పడతాయి. మంటలు ఆరినా బూడిద కింద నిప్పు రోజుల తరబడి ఉంటుంది, పాదాలు కాలుతాయి.

వడగాడ్పులు: అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆన్చలేకపోతే కుక్క పాదాలూ ఆన్చలేవు. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి కుళాయి నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేయండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. చల్లబరచడం ముందు, డాక్టరు దగ్గరికి ప్రయాణం తర్వాత. ఒంటి వేడి 39.5కి దిగాక నీళ్లు ఆపండి, లేదంటే మరీ చల్లబడిపోతుంది.

విపరీతమైన చలి: చెవుల కొనలు, తోక, వేళ్లు ముందు గడ్డకడతాయి. రుద్దకండి, గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా కాచండి. వాహనాల్లో వాడే యాంటీఫ్రీజ్ ద్రవం తియ్యగా ఉంటుంది, కొద్దిగా నాకినా కిడ్నీలు పోతాయి.

## తిరిగి వచ్చాక

ఇంటికి రాగానే లీష్ విప్పకండి. వరద గానీ మంట గానీ, కుక్క దారి గుర్తుపట్టే వాసనలన్నీ తుడిచేసి ఉంటుంది. తెలిసిన వీధిలోనే తప్పిపోతుంది. ముందు మీరు ఒక్కరే తిరిగి తెగిన కరెంటు తీగలు, గాజు, మేకులు, చిందిన రసాయనాలు చూసి, తర్వాత కుక్కను లోపలికి తీసుకురండి. కొన్ని వారాల పాటు లీష్ మీదే తిప్పండి. వరద నీళ్లలో తడిసి ఉంటే రెండు మూడు వారాలు గమనిస్తూ ఉండండి. జ్వరం, వాంతులు, తిండి మానడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆరోజే డాక్టరుకు చూపించి, వరద నీటి సంగతి చెప్పండి. చాలా రోజులు పస్తున్న కుక్క దొరికితే గిన్నె నిండా పెట్టకండి. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు పెడుతూ, డాక్టరు సలహా మీద పెంచండి.

తప్పిపోతే తొలి పని చిప్ నమోదు చేసిన సంస్థకు ఫోన్ చేయడం. శిబిరాలకు ఫోన్ చేసి ఊరుకోకుండా, ఒకటి రెండు రోజులకోసారి స్వయంగా వెళ్లి చూడండి. బురద కొట్టుకుపోయిన కుక్క పోలికలు ఫోనులో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఆఖరుసారి కనిపించిన చోట ఆ ఉతకని బట్ట, నీళ్లు పెట్టి, తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక వెళ్లి చూడండి. టార్చిని కంటి ఎత్తున పట్టుకుంటే దాని కళ్లు మెరుస్తాయి. కనిపిస్తే వెంటపడొద్దు, పేరు పెట్టి అరవొద్దు. బెదిరిన కుక్క యజమానిని కూడా గుర్తుపట్టకపోవచ్చు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, దాన్ని చూడనట్టే తిండి ముక్కలు చుట్టూ చల్లండి. ఒకసారి మెల్లగా ఈల ఊది ఆగండి. దగ్గరికి వచ్చి వాసన చూసేదాకా చెయ్యి చాపకండి. వచ్చాక ముందు హార్నెస్ పట్టుకోండి, మెడపట్టీ కాదు.